పదిహేడు కిలోమీటర్ల ఇల్లు

స్మార్ట్ వాచీ సామాన్యుడికి పనికొస్తుందా, రాదా అన్న ప్రశ్న పుట్టినప్పుడు, ఆ మాటేదో సామాన్యుణ్ణే అడిగితే సరిపోయేది. కానీ అడగాలంటే ముందు సామాన్యుడెవరో తేలాలి. తేల్చడానికి ఒక సంఘం వేశారు. ఆ సంఘం పదకొండు నెలలు కూర్చుని, నాలుగు జిల్లాల్లో టీ తాగి, చివరికి ఒక నిర్వచనం పట్టుకొచ్చింది: "చేతికి గడియారం లేకపోయినా ఎవరికి రోజు గడిచిపోతుందో, అతడే సామాన్యుడు."

ఆ నిర్వచనానికి సరిపోయే పన్నెండు మందిని రాష్ట్రమంతా వెతికి ఏరారు. వాళ్ళలో నేతపనివారి తరఫున దొరికినవాడు పేరమ్మపాలెం మగ్గాల వీధిలో ఉండే జంజనం మార్కండేయులు.

మార్కండేయులుకు అరవై రెండేళ్ళు. పన్నెండడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు ఉన్న ఇల్లు. అందులో సగం గుంటమగ్గానిది, మిగతా సగం భార్య శేషారత్నానిది. పొద్దున్నే తలస్నానం చేసి, దేవుడి గూట్లో దీపం పెట్టి, మగ్గం గుంటలోకి కాళ్ళు దించాడంటే మళ్ళీ పన్నెండింటికి నూలు మిల్లు సైరన్ కూసినప్పుడే పైకి తీసేవాడు. అన్నం తిని మళ్ళీ దించితే అయిదింటి సైరన్‌కే తీసేవాడు. అడ్డపోగు వేసే నాడె లాగిన ప్రతిసారీ పెదవుల మీద "నారాయణ" అనుకోవడం ఆయనకు అలవాటు. తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. నాడె ఎన్నిసార్లు తిరిగిందో, నామం ఎన్నిసార్లు పడిందో ఏనాడూ లెక్కపెట్టలేదు.

వైశాఖ పౌర్ణమికి ఊళ్ళో భావనారాయణ స్వామికీ భద్రావతి అమ్మవారికీ కల్యాణం చేస్తారు. ఆ రోజు అమ్మవారికి కట్టే పట్టుచీర తాతల నాటి నుంచీ ఈ ఇంటి మగ్గం మీదే దిగుతోంది. దానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. ఆ ఇంటివాళ్ళ చెయ్యి తప్ప వేరే చెయ్యి దాన్ని నెయ్యకూడదు. నిలువు పోగుల పడుగు ఒకసారి మగ్గానికెక్కాక ఇంకో మగ్గానికి మార్చకూడదు. కల్యాణానికి ముందురోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చీర గుడికి చేరాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తప్పలేదు.

ఆ ఏడు చీర మూడో వంతు నేత పడి, కల్యాణానికి ఇంకా పన్నెండు రోజులుందనగా చేనేత విస్తరణాధికారి ఉమాపతి గారు జీపు దిగారు. చేతిలో నల్లటి చిన్న పెట్టె, వెనకాల పూలదండ పట్టుకుని ఒక గుమాస్తా.

"మార్కండేయులు గారూ! సమగ్ర పరిశీలన అనంతరం, మీరు సామాన్యులని మేము ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాము. ఈ క్షణం నుంచి మీరు ప్రభుత్వ గుర్తింపు పొందిన సామాన్యులు."

శేషారత్నం తలుపు పక్కన నిలబడి, "అంటే ఇప్పటిదాకా కాదాండీ?" అంది.

"ఇప్పటిదాకా అనధికారికంగా ఉన్నారమ్మా."

దండ వేశారు. వాచీ కట్టారు. నల్లటి పట్టీ, దాని మీద బెల్లంముక్కంత అద్దం. అది నిమిషానికోసారి వెలిగి, తనంతట తనే ఆరిపోతోంది. ఇరవయ్యొక్క రోజులు దాన్ని చేతికే ఉంచాలని, స్నానానికి తప్ప తియ్యకూడదని, అది చెప్పేవన్నీ తిన్నగా తమ కార్యాలయంలోని తెర మీదకు వస్తాయని ఉమాపతి గారు వివరించారు. ఎన్ని అడుగులు నడిచిందీ, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందీ, మనిషి ఎక్కడున్నదీ అన్నీ తెలుస్తాయట. గడువు ముగిశాక కాగితంలో ఒకే ఒక ప్రశ్నకు జవాబు రాయాలి: "ఈ వాచీ మీకు ఉపయోగపడిందా?" కింద రెండు గళ్ళున్నాయి. ఒకటి "చాలా ఉపయోగపడింది." రెండోది "అత్యంత ఉపయోగపడింది."

"ఇంకో గడి లేదేమండీ?" అన్నాడు మార్కండేయులు నెమ్మదిగా.

"అవసరం వస్తుందని సంఘం భావించలేదు."

జీపు వెళ్ళిపోయాక పక్కింటి కోటిలింగం వచ్చి వాచీని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనా నేతగాడే, వరసకు బావమరిది.

"ఏంది బావా ఇది? టైమ్ చెప్పుద్దా?"

"చెప్పుద్దంట. దాంతోపాటు నేను ఉన్నానో లేదో గూడా చెప్పుద్దంట."

"ఆ ముక్క అక్క చెప్పుద్ది గదా రోజూ! దానికి గడియారం ఎందుకు?"

మర్నాడు మార్కండేయులు వాచీతోనే మగ్గం ఎక్కాడు. పట్టుచీర పని నిదానం. నాడె లాగాలి, పోగు బిగిసేలా అచ్చు కొట్టాలి, మధ్యలో బుటాలకు ఒక్కో పోగూ వేలితో దూర్చాలి. చెయ్యి ఊరికే ఉండేది లేదు. నాలుగు "నారాయణ"లకు ఒక గీత పైకి లేచినట్టు చీర జరుగుతోంది. పది గంటలప్పుడు వాచీ ఉన్నట్టుండి ముంజేతి మీద గుర్రుమంది. ఆయన ఉలిక్కిపడి నాడె వదిలేశాడు. అద్దంలో రంగు కాగితాలు రాలుతున్నాయి. కింద అక్షరాలు: "శభాష్! మీరు పదివేల అడుగులు నడిచారు!"

"ఏవే, నేనెక్కడికన్నా పోయానా?" అన్నాడు భార్యతో.

శేషారత్నం వంకాయలు తరుగుతూ తలెత్తింది. "నువ్వా? పెళ్ళైన కాడినించీ నన్ను కోటప్పకొండ తీసుకుపోతానంటన్నావు. ఇంకా గుమ్మం దాటలా."

సాయంత్రం సైరన్ వేళకు లెక్క ఇరవై నాలుగు వేల అడుగులకు చేరింది. దూరం పదిహేడు కిలోమీటర్లు. కోటిలింగం అది చూసి వీధిలోకి పరుగెత్తి, "మా బావ గుంటలో కూర్చుని అంకాలపూడి పోయి వచ్చాడు!" అని చాటాడు. అందరూ వచ్చి చూసి, నవ్వి, టీ తాగి వెళ్ళారు. అది చెయ్యి కదిలినప్పుడల్లా అడుగనుకుంటోందని మగ్గాల వీధిలో పలక పట్టిన ప్రతివాడికీ అర్థమైంది. అర్థం కావలసిన చోటు మాత్రం ఆ వీధి కాదు.

నాలుగో రోజు ఉమాపతి గారు మళ్ళీ జీపు దిగారు. ఈసారి పూలదండ లేదు. చేతిలో గీతల కాగితాలున్నాయి.

"మార్కండేయులు గారూ, మీ వృత్తి?"

"నేతండీ."

"నేత కూర్చుని చేసే వృత్తి. అవునా?"

"అవునండీ."

"మీరు రోజుకు సగటున పదిహేడు కిలోమీటర్లు నడుస్తున్నట్టు నమోదైంది. నడిచేవారు కూర్చోలేరు. కూర్చోనివారు నెయ్యలేరు. కాబట్టి మీరు నేతపనివారు అన్నది పరిశీలనలో ఉంది."

మార్కండేయులు చేతులు కట్టుకుని, జరిగింది చెప్పాడు. చెబితే చాలదనుకుని, గుంటలోకి దిగి పదిసార్లు నాడె లాగి చూపించాడు. ఉమాపతి గారు పక్కనే వంగి, వాచీ అద్దం వంకే చూశారు. పది లాగుళ్ళకు ముప్పై అడుగులు పెరిగాయి.

"చూశారా? నా సమక్షంలోనే ముప్పై అడుగులు నడిచారు."

"నేను లేవలేదు గదండీ అయ్యా! మీరు చూస్తానే ఉన్నారు గదా!"

"నా కళ్ళకు మీరు లేవనట్టే కనిపించింది. నేను కాదనను. కానీ నా కళ్ళు ప్రభుత్వ పరికరాలు కావు."

ఉమాపతి గారు రెండో కాగితం తీశారు. ఆయన మనిషి చెడ్డవాడు కాదు, ప్రతి శనివారం గుడికి వచ్చి పదకొండు ప్రదక్షిణలు చేస్తాడు. కానీ చేతిలో కాగితం ఉంటే మాత్రం కాగితం మాటే వింటాడు.

"ఇంకొక చిక్కుంది. ఇదే పరికరం మీరు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఇంట్లోనే ఉన్నారని కూడా చెబుతోంది. రెండూ నిజం కావాలి, ఎందుకంటే రెండూ నమోదయ్యాయి. ఇల్లు దాటకుండా పదిహేడు కిలోమీటర్లు నడవాలంటే..." అని ఆగి, పన్నెండడుగుల గది నాలుగు మూలలా చూసి, గొంతు తగ్గించారు. "ఇల్లు ఎంత పొడవుండాలి?"

శేషారత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇల్లా? ఈ ఇల్లా?"

"ఇందులో పచార్లు కొట్టి ఉండొచ్చు గదండీ అయ్యా," అన్నాడు కోటిలింగం, బావను కాపాడబోయి.

"వెనక్కి తిరిగినట్టు ఎక్కడా నమోదు కాలేదు," అన్నారు ఉమాపతి గారు.

అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. "సదరు గృహం యొక్క పూర్తి పొడవు నిర్ధారణ అయ్యేవరకు, నేత జరుగుతున్నట్టు పరికరపూర్వక ఆధారం లేని మగ్గమును యథాతథ స్థితిలో ఉంచవలెను." గుమాస్తా గుడ్డ పట్టీ తెచ్చి, మగ్గం చుట్టూ మూడు చుట్లు తిప్పి, ముడి మీద లక్క కరిగించి ముద్ర కొట్టాడు. సగం దాటిన చీర ఆ పట్టీల వెనకాల పట్టుపడ్డ పక్షిలా ఆగిపోయింది.

మార్కండేయులు మొదటిసారి గొంతు పెంచాడు. "అయ్యా, అది నాది గాదు. అమ్మవారిది. ఇంకో ఎనిమిది రోజుల్లో కల్యాణం."

"అమ్మవారి పట్ల శాఖకు అపారమైన గౌరవం ఉంది," అన్నారు ఉమాపతి గారు, నిజంగానే కళ్ళు మూసుకుని నమస్కరిస్తూ. "కొలత తేలిన మరుక్షణం విప్పేస్తాం. సర్వేయరు రేపే వస్తాడు."

సర్వేయరు షేక్ మస్తాన్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిల్‌తో ఉంటాడు. ఇరవై ఆరేళ్ళుగా కొలత గొలుసు పట్టిన మనిషి. వచ్చీ రాగానే ఇల్లు కొలిచాడు. పద్దెనిమిది అడుగులు. మళ్ళీ కొలిచాడు. పద్దెనిమిదే. గుమ్మం మీద కూర్చుని శేషారత్నం ఇచ్చిన మజ్జిగ తాగాడు.

"పెద్దాయనా, నాకు రెండు లెక్కలిచ్చారు. ఒకటి నా గొలుసు చెప్పేది, ఇంకోటి మీ చెయ్యి చెప్పేది. రెండూ కలవకపోతే ఎవరిది తప్పు?"

"నా చెయ్యిది అనుకోరాదూ, మస్తాన్?"

"అది కుదరదంట. చేతికి ప్రభుత్వ గుర్తింపుంది. నా గొలుసుకే మొన్నటేడుతో గుర్తింపు అయిపోయింది." చెవి మీది పెన్సిల్ తీశాడు. "సరే, పదిహేడు కిలోమీటర్లు గీయమన్నారు, గీస్తా. ఏ దిక్కు?"

దిక్కు ఉత్తర్వులో లేదు. అడిగితే ఇంటి గుమ్మం పడమటికి ఉంది కాబట్టి ఇల్లు తూర్పుకు సాగాలని జవాబు వచ్చింది. మస్తాన్ తూర్పుకే గీశాడు. గోడ దాటగానే కోటిలింగం ఇల్లు వచ్చింది.

"బావా! నన్ను ఇల్లరికం తెచ్చుకున్నట్టేగా!" అని కోటిలింగం సంబరపడి, ఆ పూట అన్నానికి అక్కడే కూర్చున్నాడు. "నీ ఇంట్లోనే ఉంటన్నా, వేరే పొయ్యి ఎందుకింక?"

కోటిలింగం ఇల్లు దాటాక వీధి మొత్తం వచ్చింది. ఆ పైన ప్రాథమిక పాఠశాల. హెడ్మాస్టరు గారు నమస్కారం పెట్టి, తరగతి గదులు మీ హాల్లోకి వచ్చాయి కాబట్టి వేసవి సెలవులు అయ్యేలోగా సున్నం వేయించమని వినతిపత్రం ఇచ్చారు. ఆ తర్వాత జీడిమామిడి తోటలు. ఆ తర్వాత రైలు పట్టాలు వంటింటికి అడ్డంగా పడ్డాయి.

"అదా సంగతి!" అంది శేషారత్నం. "పాలు పొంగే టయానికి కూత వినబడుద్ది, ఎందుకా అనుకుంటన్నా ఇన్నేళ్ళూ."

ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఊళ్ళు అయిపోయి సముద్రం వచ్చింది. ఇల్లు ఇంకా తొమ్మిది కిలోమీటర్లు మిగిలింది. మస్తాన్ ఒడ్డున నిలబడి ఫోన్ చేస్తే, "ఇల్లు ఆగిన చోటే ఆగవలెను, దానికి ముందు కాదు" అని ఉత్తర్వు వచ్చింది. మస్తాన్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, రెండడుగులు నీళ్ళలోకి వెళ్ళి, మిగతాది కాగితం మీద గీశాడు.

దాంతో వ్యవహారం ఊపందుకుంది. ఇల్లు రెండు మండలాల్లో పడింది కాబట్టి ఇంటి నంబరు ఎవరు వెయ్యాలన్న విషయమై ఇద్దరు తహసీల్దార్లు ఒకరికొకరు లేఖలు రాసుకున్నారు; అది తేలేదాకా కొలత ఖరారు కానట్టే, మగ్గం సీలు విప్పేది లేదు. మూడో గది నుంచి సముద్రంలో ఉంది కాబట్టి చేపల శాఖవారు వచ్చి, "మీ పెరట్లో వేటకు నిషేధ కాలం పాటిస్తున్నారా?" అని అడిగి సంతకం పెట్టించుకున్నారు. ఇంత పెద్ద ఇల్లున్నవాడు సామాన్యుడు ఎలా అవుతాడని పై కార్యాలయం నుంచి ఒక ప్రశ్న వచ్చింది. దానికి ఉమాపతి గారు, "సామాన్యత ధ్రువీకరణ జరిగిన తరువాత ఇల్లు పెరిగినది కాబట్టి ధ్రువీకరణ చెల్లును" అని తెలివైన జవాబు రాశారు. ఎదురింటి ఇల్లాలు శేషారత్నాన్ని పలకరించి, "వదినా, అంత ఇల్లు పొద్దున్నే ఎట్టా ఊడుస్తావమ్మా?" అంది.

"గదికో ఆడబడుచు ఉందిగా," అంది శేషారత్నం.

అందరూ నవ్వారు. మార్కండేయులూ నవ్వబోయాడు. ఇంట్లోకి వెళ్ళి మగ్గం చూడగానే నవ్వు ఆగింది. గుంటలో కాళ్ళు దించకుండా ఒక పొద్దు గడవడం ఆయన జన్మలో లేదు. దేవుడి గూటి ముందు కూర్చుని చేతులు కలిపితే, కలిపిన చేతులు నాడె కోసం వెతుక్కుంటున్నాయి. తాత, తండ్రి ఇచ్చిన మాట తన చేతిలో ఆగిపోతుందా? "అమ్మా, నీ చీర సగంలో ఉంది. నా కాళ్ళు పదిహేడు కిలోమీటర్లు పోయినయ్యంట. నీకు తెలుసుగా?" అనుకున్నాడు. అమ్మవారికి తెలిసినా, ఆవిడకూ ప్రభుత్వ గుర్తింపు లేదు కదా అన్న అనుమానం వెంటనే వచ్చి, చెంపలు వేసుకున్నాడు.

కల్యాణం అయిదు రోజుల్లోకి వచ్చింది. గుడి నుంచి పూజారి గారు కబురంపారు: "చీర సంగతేమిటి? ఈ ఏటికి దుకాణంలో ఏదైనా చూడమంటారా?" ఆ మాట విన్న రోజు మార్కండేయులు అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఉతికిన పంచె కట్టుకుని, మస్తాన్‌ను తోడు తీసుకుని, ఏడు కిలోమీటర్లు పడమటికి నడిచి అంకాలపూడి కార్యాలయానికి వెళ్ళాడు. నిజంగా నడిచినది ఆ రోజొక్కటే. విచిత్రమేమంటే చేతులు కట్టుకుని నడవడం ఆయన అలవాటు కాబట్టి వాచీ అందులో సగం కూడా నమోదు చెయ్యలేదు.

ఉమాపతి గారు బల్ల ముందు కూర్చుని ముద్రలు కొడుతున్నారు. పదిహేడు కిలోమీటర్ల ఇంటికి పుట్టిన ఫైళ్ళు గుట్టగా పేరుకున్నాయి. ఒక్కో ఫైలుకూ నాలుగు ప్రతులు, ఒక్కో ప్రతికీ మూడు ముద్రలు. మొదట సిరా డబ్బా మీద, తర్వాత కాగితం మీద. డబ్బా, కాగితం, డబ్బా, కాగితం. చెయ్యి ఎత్తి దించే తీరు చూసి మార్కండేయులుకు ముచ్చటేసింది. మంచి నేతగాడి చెయ్యిలా ఉంది.

"అయ్యా, కల్యాణం ఇంక నాలుగు రోజులే," అన్నాడు.

"మీ విషయమే చూస్తున్నాం. పొద్దుటి నుంచి కుర్చీలోంచి లేస్తే ఒట్టు," అన్నారు ఉమాపతి గారు, ముద్ర ఆపకుండా.

సరిగ్గా అప్పుడు ఆయన ముంజేతి మీద ఏదో గుర్రుమంది. పథకం అమలు చేసే అధికారులకు కూడా ఒక్కో వాచీ ఇచ్చారు. అద్దంలో రంగు కాగితాలు రాలాయి.

మార్కండేయులు చదువు అంతంతమాత్రమే అయినా ఆ ముక్క ఆయనకు బాగా అలవాటైపోయింది. "శభాష్ అంటందండీ. పదివేలు నడిచారంట," అన్నాడు అమాయకంగా.

ముద్ర గాల్లో ఆగిపోయింది.

గుమాస్తా నవ్వు దాచుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. మస్తాన్ చెవి మీద పెన్సిల్ సవరించుకుని, ఎంతో వినయంగా అడిగాడు:

"అయ్యగారూ, పదివేలంటే ఏడు కిలోమీటర్లు. తమరు ఎక్కడున్నట్టు నమోదయ్యింది?"

ఉమాపతి గారు అద్దం వంక చూశారు. "కార్యాలయంలో," అన్నారు.

"వెనక్కి తిరిగినట్టు?"

"...నమోదు కాలేదు."

"అయితే కొలవమంటారా?"

ఏడు కిలోమీటర్ల కార్యాలయం! ఉమాపతి గారి కళ్ళ ముందు తనిఖీ బృందాలు కదిలాయి. అంత పొడవు కార్యాలయంలో మూడు కుర్చీలు, ఒక బీరువా మాత్రమే ఎందుకున్నాయని అడుగుతారు. ఫ్యాను ఒక్కటే ఎలా సరిపోతోందని అడుగుతారు. ఏడో కిలోమీటరులో ఎవరు పనిచేస్తున్నారో హాజరు పట్టీ చూపించమంటారు. వాచీ తప్పు చెప్పిందని రాద్దామంటే, ఆ ఒక్క వాక్యంతో తాను కొట్టిన ముద్రలన్నీ తిరగబడతాయి. తప్పు కాదని రాస్తే కార్యాలయం సాగుతుంది. ఆయన రెండు చేతులూ బల్ల మీద కదలకుండా పెట్టుకుని కూర్చుండిపోయారు. ఇక చెయ్యి కదపాలంటేనే భయం.

మార్కండేయులుకు జాలి వేసింది. "అయ్యా, ఒక్క మాట అడగనా? తప్పయితే మన్నించండి. మీ ఆఫీసు గుమ్మం కూడా పడమటికే ఉంది. అంటే ఇదీ తూర్పుకే సాగుద్దిగా?"

"సాగుద్ది," అన్నాడు మస్తాన్.

"తూర్పుకు ఏడు కిలోమీటర్లు సాగితే ఎక్కడికొస్తది మస్తాన్? నేను ఇప్పుడు నడిచొచ్చిన దూరం అదేగా?"

మస్తాన్ నక్షా బల్ల మీద పరిచాడు. పెన్సిల్‌తో గీత లాగాడు. గీత అంకాలపూడి దాటి, మిరప చేలు దాటి, నూలు మిల్లు దాటి, పేరమ్మపాలెం మగ్గాల వీధిలోకి వచ్చింది. మార్కండేయులు గుమ్మంలోంచి లోపలికెళ్ళింది. సరిగ్గా గుంట అంచు దగ్గర ఆగింది. అక్కడ ఆగడంలో మస్తాన్ వేలి చలవ కొంత ఉండొచ్చు. ఆ మాట ఎవరూ అడగలేదు.

"మీ ఆఫీసు చివరి గది మా మగ్గమే గదండీ," అన్నాడు మార్కండేయులు. "మీ గదిలో ఉన్నదానికి మీరే సీలు వేసుకుంటే, రేపు మిమ్మల్నెవరన్నా ఏమన్నా అంటారేమోనని..."

ఉమాపతి గారి ముఖం నెమ్మదిగా వెలిగింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆయనకు ఇంత చక్కని దారి దొరకలేదు. ఏ ముద్రా తిరగబడదు, ఏ వాచీ తప్పు కాదు. కాగితం లాక్కుని, ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని, అది ఎక్కువ కదలకుండా రాశారు:

"సదరు మగ్గము కార్యాలయ ఆవరణలోనే, నేరుగా శాఖ పర్యవేక్షణలో ఉన్నట్లు సర్వేలో తేలినందున, సీలు అనవసరమైనది. సదరు మగ్గముపై జరుగు నేత ప్రభుత్వ సమక్షంలో జరుగు నేతగా పరిగణించబడును. తక్షణమే కొనసాగించవలెను."

"ముద్ర కొట్టమంటారా?" అన్నాడు గుమాస్తా.

"నువ్వే కొట్టు," అన్నారు ఉమాపతి గారు. "మెల్లిగా."

మధ్యాహ్నానికల్లా పట్టీలు తెగాయి. వీధంతా గుమ్మంలో మూగింది. మార్కండేయులు మళ్ళీ తలస్నానం చేసి, దీపం పెట్టి, గుంటలో కాళ్ళు దించాడు. మూడున్నర రోజులుంది. మామూలుగా అయిదు రోజుల పని. నాడె అందుకుని మొదటి "నారాయణ" అనేసరికి కోటిలింగం వెనకాల నుంచి ఉత్సాహంగా అన్నాడు:

"బావా, నాకొక ఆలోచన వచ్చింది! నాడెకొక నామం గదా నువ్వనేది? వాచీ నాడెకు మూడు లెక్కన వేస్తంది. చివర్న మూడు పెట్టి భాగించామనుకో, అమ్మవారి చీరలో ఎన్ని నామాలు పడ్డయ్యో తేలిపోద్ది. గుళ్ళో పలక మీద రాయించొచ్చు! ఇట్టాంటి దానికైతే నిజంగా పనికొచ్చుద్ది ఇది!"

వీధిలోవాళ్ళు బాగుంది బాగుందన్నారు. మార్కండేయులు నాడె కింద పెట్టాడు. మాట తప్పనిపించలేదు. కానీ ఎక్కడో గుచ్చుకుంది. ఇన్నేళ్ళూ ఎన్నో తెలియకుండా ఇచ్చాడు. ఆవిడా ఎన్నని అడగకుండానే పుచ్చుకుంది. ఇప్పుడు తీసుకెళ్ళి ఇన్ని అని చెబితే, అంతకుముందువి ఎన్నని ఆవిడ అడగదూ? అడిగితే తన దగ్గర ఏముంది చెప్పడానికి?

వాచీ పట్టీ ఊడదీశాడు. "రత్నం, దీన్ని ఆ బియ్యం డబ్బా మీద పెట్టు," అన్నాడు. "కాసేపు అది కూడా కూర్చోనీ."

మూడున్నర రోజులు వీధిలో ఎవరూ ఆయన్ను పలకరించలేదు. శేషారత్నం నాడెలోకి కండెలు చుట్టి అందిస్తూ, మధ్యలో అన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. సైరన్ ఎన్నిసార్లు కూసిందో ఆయన వినలేదు.

బియ్యం డబ్బా మీద కూర్చున్న వాచీ మాత్రం తన పని తాను చేసింది. ఆ మూడు రోజుల అడుగులు సున్నా అని కార్యాలయానికి పంపింది. ఉమాపతి గారు ఈసారి వెనకాడలేదు, అడుగులు లేవు గనక పెరిగిన ఇల్లూ లేదని నేరుగా పైకి నివేదిక రాశారు. వారం తిరిగేలోపు మార్కండేయులు పేర రాష్ట్ర స్థాయి ప్రశంసాపత్రం వచ్చింది: "పదిహేడు కిలోమీటర్ల నిర్మాణమును, సముద్ర భాగముతో సహా, ఎట్టి ఒత్తిడి లేకుండా ఒక్క రోజులో స్వచ్ఛందంగా తొలగించుకున్న ఆదర్శ సామాన్యునికి." చేపల శాఖవారు కూడా కృతజ్ఞతలు తెలిపారు. కోటిలింగం ఒక్కడే కాస్త దిగులుపడి, మళ్ళీ తన ఇంట్లో తాను అన్నం తినడం మొదలుపెట్టాడు.

కాగితంలోని ప్రశ్నకు మార్కండేయులు రెండు గళ్ళూ వదిలేసి, కింద ఖాళీలో తన పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: "మిల్లు సైరన్ కూయని రోజు పనికొస్తుంది." సంఘం దాన్ని చదివి, చర్చించి, ఏకగ్రీవంగా "అత్యంత ఉపయోగపడింది"లో కలిపింది. ఇంకో లక్ష మంది సామాన్యులను ధ్రువీకరించాలని సిఫారసు చేసింది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. కల్యాణానికి ముందురోజు సాయంత్రం, గుళ్ళో దీపాలు పెడుతుండగా, కుంకుమరంగు మీద బంగారు బుటాల చీరను ఇత్తడి పళ్ళెంలో పెట్టుకుని, మార్కండేయులు దంపతులు గుడి మెట్లెక్కారు. పూజారి గారు పళ్ళెం అందుకుని, కళ్ళకద్దుకుని, "ఎన్ని నామాలయ్యా ఈ ఏడు?" అని నవ్వుతూ అడిగారు. కోటిలింగం మాట అక్కడిదాకా వచ్చేసింది మరి.

"నేను లెక్కెట్టలేదు స్వామీ. ఆవిడ కట్టుకుంటే చాలు," అన్నాడు మార్కండేయులు.

మర్నాడు కల్యాణానికి ఉమాపతి గారు కుటుంబంతో వచ్చారు. మస్తాన్ కూడా వచ్చి, పందిరి గుంజ పక్కన నిలబడ్డాడు. అమ్మవారు ఆ చీరలో కూర్చుంది. తెర తొలగింది, తలంబ్రాలు పడ్డాయి, భజన మొదలైంది. ఉమాపతి గారు కళ్ళు మూసుకుని, అన్నీ మరిచిపోయి చప్పట్లు కొడుతున్నారు. పాట వేగం పెరిగింది. చప్పట్లూ పెరిగాయి. ఆయన పెదవుల మీదా నామం ఆడుతోంది.

ముంజేతి మీద గుర్రుమంది.

ఉమాపతి గారు కళ్ళు తెరిచారు. అద్దంలో రంగు కాగితాలు రాలుతున్నాయి. ముందు అమ్మవారి వంక, తర్వాత మస్తాన్ వంక చూశారు. మస్తాన్ చెయ్యి అప్పుడే చెవి మీది పెన్సిల్ వైపు వెళుతోంది. అతడికి చెవి దురద పెట్టి ఉండొచ్చు కూడా.

ఉమాపతి గారు గబగబా పట్టీ ఊడదీసి, వాచీని జేబులో పడేసి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, మునుపటికన్నా గట్టిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.